సూత్రం వెనుక శేషం: భాజనీయతను బడిలో ఎలా చెప్పాలి?

కొత్త బండికి నంబరు తీసుకునేటప్పుడు తెలుగునాట తరచుగా వినబడే మాట ‘కూడితే తొమ్మిది రావాలి’ అని. 4581 అనుకుందాం. నాలుగూ అయిదూ ఎనిమిదీ ఒకటీ కలిపితే 18. ఆ ఒకటీ ఎనిమిదీ కలిపితే 9. ఇలాంటి నంబరు కోసం అదనంగా డబ్బు కట్టేవాళ్లు నరసరావుపేటలోనూ ఉన్నారు, మాచర్లలోనూ ఉన్నారు. ఈ కూడిక వేస్తున్నవారు తమకు తెలియకుండానే ఒక గణిత పరీక్ష జరుపుతున్నారు. అంకెలు కూడుకుంటూ పోగా చివరికి 9 మిగిలే ప్రతి సంఖ్యా 9కి గుణిజమే. 1 నుంచి 9999 వరకు అటువంటి సంఖ్యలు సరిగ్గా 1,111 ఉన్నాయి. అంటే వరుసగా తొమ్మిది నంబర్లు తీసుకుంటే అందులో ఒకటి తప్పకుండా ‘కలిసొచ్చే’ నంబరే అవుతుంది.

కలిసి రావడం సంగతి అలా ఉంచి, గణితం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. అంకెలను కూడటానికీ, తొమ్మిదితో భాగించడానికీ సంబంధం ఏమిటి? కూడిక చేస్తే భాగహారం ఫలితం ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఆరో తరగతి పిల్లలకు అందుతుంది. అయినా మన బడుల్లో ఎక్కువమందికి దాన్ని అందించకుండానే పాఠం ముగిసిపోతోంది. భాజనీయతా సూత్రాలను చిట్కాలుగా కాక, శేషం అనే ఒక్క భావన నుంచి పుట్టించి చెప్పవచ్చుననీ, అలా చెప్పినప్పుడే అవి నిలుస్తాయనీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పట్టికగా మిగిలిన పాఠం

గ.సా.భా., క.సా.గు. లెక్కలకు పునాదిగా ఆరో తరగతి గణితంలో భాజనీయత వస్తుంది. తరగతి గదిలో అది తరచుగా నల్లబల్ల మీద ఒక పట్టికగా మారుతుంది. చివర సరి అంకె ఉంటే రెండుతో పోతుంది, చివర సున్నా గాని అయిదు గాని ఉంటే అయిదుతో పోతుంది, అంకెల మొత్తం మూడుతో పోతే సంఖ్య కూడా మూడుతో పోతుంది... ఇలా పదకొండు వరకు. పిల్లలు దీన్ని ఎక్కాల మాదిరే వల్లె వేస్తారు. కొన్నాళ్లు గడిచాక సూత్రాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. 26 మూడుతో పోతుందా అంటే, చివర 6 ఉంది కాబట్టి పోతుందనే జవాబు వస్తుంది. రెండుకు పనికొచ్చిన చివరి అంకె మూడుకు ఎందుకు పనికిరాదో ఎవరూ చెప్పలేదు కనుక ఆ జవాబు సహజమే.

దీనికి తోడు భాగహారమే బలహీనంగా ఉన్న పిల్లలు తరగతిలో ఉంటారు. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతం మాత్రమే. అలాంటి పిల్లలకు చిట్కాల పట్టిక మరో బరువు. అదే పాఠాన్ని పంపకంగా మొదలుపెడితే, భాగహారాన్ని మళ్లీ నేర్చుకునే అవకాశం దొరుకుతుంది.

పుల్లల కట్టలతో మొదలు

కొన్ని చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు చాలు. పది పుల్లలు ఒక చిన్న కట్ట. పది చిన్న కట్టలు కలిపితే వంద పుల్లల పెద్ద కట్ట. రెండు పెద్ద కట్టలు, మూడు చిన్న కట్టలు, నాలుగు విడి పుల్లలు బల్ల మీద పెట్టాలి. మొత్తం 234. వీటిని తొమ్మిదిమందికి సమంగా పంచాలి.

ముందు ఒక చిన్న కట్ట విప్పాలి. తొమ్మిదిమందికి తలా ఒకటి ఇస్తే ఒక పుల్ల మిగులుతుంది. రెండో చిన్న కట్ట విప్పినా ఒకటే మిగులుతుంది, మూడోదానికీ అంతే. పెద్ద కట్ట విప్పి తలా పదకొండు ఇస్తే 99 పోతాయి. అక్కడా ఒక్కటే మిగులుతుంది. కట్ట చిన్నదైనా పెద్దదైనా మిగిలేది ఒక్క పుల్లే. కాబట్టి రెండు పెద్ద కట్టల నుంచి రెండు, మూడు చిన్న కట్టల నుంచి మూడు, ఎలాగూ విడిగా ఉన్నవి నాలుగు. మిగిలినవన్నీ కలిపితే 2 + 3 + 4 = 9. ఆ తొమ్మిదినీ తలా ఒకటి ఇస్తే పంపకం పూర్తయింది. ఒక్కొక్కరికి వచ్చినవి 26.

పిల్లలు ఇక్కడ చూసిందేమిటి? అంకెల మొత్తం అంటే ప్రతి కట్టలోనూ తొమ్మిదిమంది వాటా పోగా మిగిలిన పుల్లల లెక్క. 234 బదులు 235 పెడితే మిగిలేవి పది, అందులో తొమ్మిది పంచాక ఒకటి ఉండిపోతుంది. అంటే ఈ పద్ధతి ‘పోతుందా, పోదా’ అన్నదానితో ఆగకుండా శేషం ఎంతో కూడా చెబుతోంది. ముగ్గురికి పంచినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తొమ్మిది పుల్లలు ముగ్గురికీ సరిగ్గా పోతాయి. మూడుకూ తొమ్మిదికీ ఒకే సూత్రం వర్తించడానికి కారణం ఇంతే. ఎనిమిదో తరగతికి వచ్చాక ఇదే విషయాన్ని 100క + 10చ + ట = (99క + 9చ) + (క + చ + ట) అని రాస్తే, అక్షరాలు దేనికి నిలబడ్డాయో పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది.

చివరి అంకె సూత్రాలకూ ఈ కట్టలే ఆధారం. పది పుల్లల కట్టను ఇద్దరికి పంచినా, అయిదుగురికి పంచినా ఏమీ మిగలదు. కనుక కట్టలను పక్కన పెట్టి విడి పుల్లలు చూస్తే చాలు. నలుగురికి పంచితే చిన్న కట్టలో రెండు మిగులుతాయి గాని, వంద కట్టలో ఏమీ మిగలదు. అందుకే నాలుగుకు చివరి రెండంకెలు చూడాలి. వెయ్యి ఎనిమిదితో పోతుంది కనుక ఎనిమిదికి చివరి మూడంకెలు. పదహారుకు ఎన్ని అంకెలు చూడాలో ఈ దశలో పిల్లలే చెప్పేస్తారు.

ఊళ్ల పిన్‌కోడ్లే లెక్కల పుస్తకం

అభ్యాసానికి సంఖ్యలు ఎక్కడినుంచో తేనక్కర్లేదు. 1972 ఆగస్టు 15 నుంచి మన దేశంలో ప్రతి తపాలా ప్రాంతానికీ ఆరంకెల పిన్‌కోడ్ ఉంది. పల్నాడు జిల్లా ఊళ్ల కోడ్లను బల్ల మీద రాస్తే మంచి అభ్యాసం తయారవుతుంది.

గురజాల 522415. చివర 5 కనుక అయిదుతో పోతుంది. మాచర్ల 522426. చివర సరి అంకె ఉంది, అంకెల మొత్తం 21. రెండుతోనూ మూడుతోనూ పోతుంది కనుక ఆరుతోనూ పోతుంది. తొమ్మిదితో భాగిస్తే 21లో మిగిలే మూడే శేషం. దాచేపల్లి 522414. మొత్తం 18, కాబట్టి తొమ్మిదితో పోతుంది; సరి సంఖ్య కూడా కావడంతో పద్దెనిమిదితోనూ పోతుంది. చిలకలూరిపేట 522616. చివరి మూడంకెలు 616 అంటే 8 × 77, అందువల్ల మొత్తం సంఖ్య ఎనిమిదితో పోతుంది. సత్తెనపల్లి 522403 మాత్రం రెండు, మూడు, అయిదు దేనికీ లొంగదు. దాని రహస్యం ఏడులో ఉంది. ఆ సూత్రం దగ్గరకు కాసేపట్లో వద్దాం.

జిల్లా కేంద్రం నరసరావుపేట కోడ్ 522601. దీన్ని 2, 3, 5, 7, 11, 13లలో ఏదీ నిశ్శేషంగా భాగించదు. ఇది ప్రధాన సంఖ్యేనా? తేల్చాలంటే 719 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో పరీక్షించాలి. తరగతిని జట్లుగా చేసి తలా కొన్ని పంచితే వారం రోజులకు సరిపడే పని. 719 దగ్గర ఎందుకు ఆగవచ్చన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది: తర్వాతి ప్రధాన సంఖ్య 727ను దానితోనే గుణిస్తే మన సంఖ్యను దాటిపోతుంది.

పదకొండు, ఏడు

పదకొండు సూత్రం పిల్లలకు వింతగా కనిపిస్తుంది: ఒక అంకె విడిచి ఒక అంకె కూడి, రెండు మొత్తాల తేడా చూడమంటుంది. పదకొండుమందికి పంచుతున్నప్పుడు పది పుల్లల కట్టలో ఒకటి తక్కువ పడుతుంది. వంద కట్టలో 99 పోయి ఒకటి ఎక్కువవుతుంది. వెయ్యిలో మళ్లీ ఒకటి తక్కువ (1001 పదకొండుతో పోతుంది). ఎక్కువ, తక్కువ ఇలా మారుతూ వస్తాయి కనుకనే కూడిక, తీసివేత మారి మారి చేయాలి. 1947 చూడండి. ఒకట్ల స్థానం నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 7 + 9 = 16, మిగిలినవి 4 + 1 = 5. తేడా 11 కనుక పదకొండుతో పోతుంది. అంకెల మొత్తం 21 కనుక మూడుతోనూ పోతుంది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం 3 × 11 × 59 అని కాగితం కలం లేకుండానే సగం తెలిసిపోయింది.

ఏడుకు సూత్రం లేదని చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా అనుకుంటారు. ఉంది, ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. చివరి అంకెను తీసేసి, దాని రెట్టింపును మిగిలిన సంఖ్య నుంచి తీసివేయాలి. నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీళ్లు వదిలిన 1967నే తీసుకుందాం. 196 నుంచి 14 తీసేస్తే 182. మళ్లీ 18 నుంచి 4 తీసేస్తే 14. పద్నాలుగు ఏడుతో పోతుంది, కనుక 1967 కూడా పోతుంది. కారణం చిన్నది. సంఖ్యను 10క + చ అని రాస్తే అది 10(క − 2చ) + 21చ అవుతుంది. ఇరవై ఒకటి ఏడు ఎక్కంలోది. పదికీ ఏడుకూ ఉమ్మడి కారణాంకం లేదు. కాబట్టి క − 2చ ఏడుతో పోతేనే అసలు సంఖ్య పోతుంది.

2019లో లండన్‌లో చదువుతున్న నైజీరియా మూలాల పన్నెండేళ్ల బాలుడు చికా ఒఫీలి ఇదే పనికి మరో దారి చూపాడు: చివరి అంకెను అయిదుతో గుణించి మిగిలినదానికి కలపడం. 196 + 35 = 231, అది 7 × 33. అతని ఉపాధ్యాయులు దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. గణితజ్ఞులకు ఇలాంటి సూత్రాలు కొత్తవి కాకపోయినా, బాలుడు సొంతంగా పట్టుకోవడమే విశేషం. రహస్యం 49లో ఉంది: 10క + చ = 10(క + 5చ) − 49చ. ఒకసారి ఇది అర్థమైతే రెండు, అయిదు తప్ప ఏ ప్రధాన సంఖ్యకైనా పిల్లలే సూత్రం కట్టుకోగలరు. పదిహేడుకు 51 పనికొస్తుంది. చివరి అంకెకు అయిదింతలు తీసివేయాలి. సాగర్‌కు శంకుస్థాపన జరిగిన 1955లో 195 − 25 = 170. పోతుంది. పందొమ్మిదికి చివరి అంకె రెట్టింపు కలపాలి. పదమూడుకు ఎంత కలపాలో 39ని చూసి పిల్లలను కనుక్కోమనాలి.

పెద్ద సంఖ్యలకు 1001 ఉపయోగపడుతుంది. అది 7 × 11 × 13. కనుక ఆరంకెల సంఖ్యను మూడు మూడు అంకెలుగా విడదీసి తేడా చూస్తే మూడు పరీక్షలూ ఒకేసారి అవుతాయి. సత్తెనపల్లి కోడ్‌లో 522 − 403 = 119, అంటే 7 × 17. ఏడుతో పోతుంది, పదకొండు, పదమూడులతో పోదు.

పొరపాట్లు ఎక్కడ పడతాయి?

రెండుతోనూ మూడుతోనూ పోతే ఆరుతో పోతుందని చెప్పిన మరునాడే పిల్లలు, రెండుతోనూ నాలుగుతోనూ పోతే ఎనిమిదితో పోతుందంటారు. పన్నెండు చూపిస్తే చాలు. రెండుతో పోతుంది, నాలుగుతో పోతుంది, ఎనిమిదితో పోదు. నాలుగుతో పోవడంలోనే రెండుతో పోవడం ఇమిడి ఉంది కనుక రెండో షరతు కొత్తగా చెప్పిందేమీ లేదు. విడదీసిన కారణాంకాలకు ఉమ్మడిది ఏదీ ఉండకూడదు. పన్నెండును పరీక్షించాలంటే 3, 4 కావాలి. 2, 6 తీసుకుంటే 18 దగ్గరే తప్పు పడుతుంది. సూత్రం చెప్పడంతో పాటు అది విఫలమయ్యే ఉదాహరణను పిల్లలచేత వెతికించడం ఇందుకే అవసరం.

మరో అపోహ లోతైనది. సూత్రాలు సంఖ్యల సహజ గుణాలని పిల్లలు అనుకుంటారు. ఇరవై నాలుగు మూడుతో పోవడం దాని గుణం. అంకెలు కూడి ఆ విషయం తెలుసుకోవడం మాత్రం మనం పదుల్లో రాయడం వల్ల వచ్చిన సౌకర్యం. అణాల లెక్క దీనికి తగిన ఉదాహరణ. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. ఏడు రూపాయల పన్నెండణాలను నలుగురికి పంచాలంటే రూపాయల వైపు చూడనక్కర్లేదు. పన్నెండు నాలుగుతో పోతుంది కనుక మొత్తం పోతుంది. తలా రూపాయి పదిహేను అణాలు. ఎనిమిదిమందికైనా పదహారుమందికైనా అణాలు చూస్తే చాలు. అదే ఎనిమిదిమందికి పైసల్లో పంచాలంటే వంద పైసలు ఎనిమిదితో పోవు కనుక రూపాయలనూ లెక్కలోకి తీసుకోవాలి. మూల ప్రమాణం మారితే సూత్రం మారిపోతుంది.

మన నేల మీద ఈ లెక్కలు

తొమ్మిదులు తీసేసి లెక్క సరిచూసే పద్ధతి భారతీయులకు పాతదే. పదో శతాబ్దివాడని సాధారణంగా భావించే రెండవ ఆర్యభట్టు తన మహాసిద్ధాంతంలో దాన్ని చెప్పాడు. 47 × 38 = 1786 సరైనదేనా? 47లో మిగిలేది 2, 38లో మిగిలేది 2, వాటి లబ్ధం 4. 1786 అంకెల మొత్తం 22, అందులో మిగిలేది 4. సరిపోయింది. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్ల హారం వస్తుందన్న లెక్క ఉంది. ఆ గ్రంథాన్ని పద్యాల్లో తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. ఆయన ఊరు పావులూరు పల్నాటికి ఎంతో దూరం లేదు. తెలుగులో గణితం చెప్పుకోవడం మనకు అరువు సొమ్ము కాదని పిల్లలకు చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఏ సంఖ్యకైనా అంకెలను బట్టి భాజనీయతా సూత్రం కట్టే సాధారణ పద్ధతిని బ్లెయిజ్ పాస్కల్ వివరించాడు. అది ఆయన మరణానంతరం 1665లో అచ్చయింది. 1801లో గౌస్ శేషాల లెక్కకు ఒక గుర్తునూ, పూర్తి శాస్త్రాన్నీ ఇచ్చాడు. ఆ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నవారిలో మన పాత గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు ఒకరు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పనిచేసి, తర్వాత కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. 1966లో ఆయన, ఎల్.జె. వారెన్‌తో కలిసి ఒక ప్రత్యేక తరగతి సంఖ్యలను పరిశీలించారు. 60ని తీసుకుందాం. అది కాక దాని మిగతా భాజకాల్లో, భాగఫలంతో ఉమ్మడి కారణాంకం లేనివి 1, 3, 4, 5, 12, 15, 20. వీటిని కూడితే మళ్లీ 60. ఇటువంటి సంఖ్యలు 6, 60, 90, 87360 అని వారు చూపారు. 24 అంకెల అయిదో సంఖ్యను చార్లెస్ వాల్ 1975లో ప్రకటించాడు. ఆరోది ఇంతవరకు దొరకలేదు. ఇవి లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయన్న సుబ్బారావు ఊహ నేటికీ రుజువు కాలేదు. ఆరో తరగతి పిల్లలు అర్థం చేసుకోగల ప్రశ్న ఇది. జవాబు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

తప్పును పట్టే అంకె

‘ఇదంతా దేనికి పనికొస్తుంది సార్?’ అని అడిగే పిల్లలకు నడికుడి జంక్షన్‌లో ఆగిన గూడ్సు బండిని చూపించవచ్చు. పల్నాటి సిమెంటు, సున్నం మోసే వ్యాగన్లతో సహా రైల్వే వ్యాగన్ల మీద పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది. అందులో చివరిది సరిచూసుకునే అంకె. మొదటి పది అంకెలు 3007152846 అని ఊహిద్దాం. ఎడమ నుంచి సరి స్థానాల్లోని 0, 7, 5, 8, 6 కూడితే 26; మూడింతలు 78. బేసి స్థానాల్లోని 3, 0, 1, 2, 4 కూడితే 10. మొత్తం 88. దీన్ని పది ఎక్కంలోకి తేవడానికి కావలసిన 2 పదకొండో అంకె అవుతుంది. రాసేవాడు ఒక్క అంకె తప్పు రాసినా మొత్తం పదితో పోదు, తప్పు బయటపడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా సాధారణంగా దొరికిపోతుంది. వాటి తేడా అయిదు అయినప్పుడు మాత్రం తప్పించుకుంటుంది. తొమ్మిదుల పద్ధతిలో 1786ను 1768 అని రాసినా పట్టుకోలేం. మూడింతలు చేయడం వెనుక ఉన్న తెలివి ఇలాంటి తారుమార్లను పట్టడమే. ఈ పోలిక చూపితే సూత్రానికి బలమూ హద్దూ రెండూ అర్థమవుతాయి.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ పాఠానికి కొత్త పరికరాలు గాని ప్రత్యేక శిక్షణ గాని అక్కర్లేదు. పట్టిక రాయడానికి ముందు ఒక పూట పుల్లల కట్టలతో పంచించండి. ప్రతి సూత్రం తర్వాత ‘ఎందుకు?’ అని అడిగి, పిల్లల మాటల్లోనే జవాబు రాబట్టండి. శేషం ఎంతో చెప్పమని అడగండి, పోతుందా లేదా అన్నదానితో తృప్తి పడకండి. పరీక్ష ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్నయినా పుస్తకంలో లేని సంఖ్యకు సూత్రం కట్టమనేది పెట్టండి; ఇరవై మూడుకు కట్టమంటే 69ని పట్టుకోగల పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. బట్టీ పట్టిన పది సూత్రాల్లో ఏడు మరచిపోయినా తప్పు లేదు. శేషం సంగతి తెలిసిన విద్యార్థి వాటిని అవసరమైనప్పుడు మళ్లీ పుట్టించుకోగలడు, మీరు నేర్పవలసింది ఆ శక్తినే.